ఇంటికో నంబరు

సక్కుబాయి ఎవరినీ నమ్మదు. ఇది నింద వేస్తూ చెప్పడం లేదు, ఆమే గొప్పగా చెప్పుకుంటుంది. దవాఖానాలో సూది వేయబోతే ముందు ఆ సీసా చూపించమంటుంది. కూరగాయల బండివాడు తక్కెడ ఎత్తితే ఆమె కళ్లు ముల్లు మీద ఉండవు, వాడి చిటికెన వేలు మీద ఉంటాయి. నేను నోటుబుక్కు పట్టుకుని వెళ్లిన మొదటి రోజు గడప బయటే నిలబెట్టి, ఎవరు పంపారని అడిగింది. ఎవరూ పంపలేదు, బీ.ఏ. అయిపోయింది, మన బస్తీల్లో మామూలు మనుషులు ఎట్లా బతుకుతున్నారో రాసుకుంటున్నానని చెప్పాను. నమ్మలేదు. నాలుగోసారి వెళ్తే చాయ్ ఇచ్చింది. అప్పటికీ నమ్మిందని మాత్రం అనుకోను.

ఆమె ఓ సర్కారు బడిలో ఆయా. యాకుత్‌పురా స్టేషను దాటాక ఒక గల్లీలో, గుండయ్య అనే ఆసామి ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని నడుపుతున్న తెలుగు బడి అది. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు. ఒక గదిలో ఒకటి, రెండు, మూడు. రెండో గదిలో నాలుగు, ఐదు. హెడ్‌మాస్టరమ్మ లలితమ్మ, ఆమె కింద సీమోను సారు, వాళ్లిద్దరి కింద సక్కుబాయి. అంతే బడి. ఇట్లాంటి చిన్న బడులు తొమ్మిదింటిని కలిపి చూసుకునే ఆఫీసు ఒకటి నయాపూల్ దాటాక ఉండేది. ఆ ఆఫీసు గోడకు పెద్ద అట్ట ఒకటి వేలాడేది. తొమ్మిది బడుల పేర్లు, ఏ బడిలో ఎంతమంది, ఐదో తరగతిలో ఎంతమంది పాసయ్యారు, అన్నీ ఎర్ర సిరాతో గీసిన గళ్లలో ఉండేవి. సక్కుబాయికి చదవడం రాదు. కానీ తమ బడి గీత ఏదో తెలుసు. కింది నుంచి రెండోది.

ఆమె పని గంట కొట్టడం, ఊడ్వడం, కుండలో నీళ్లు నింపడం అని కాగితం మీద ఉంటుంది. అసలు పని వేరు. పొద్దున్నే బయలుదేరి గల్లీగల్లీ తిరిగి పిల్లల్ని పోగేసుకుని రావాలి. ఆ బడి పిల్లలు తమంతట తాము వచ్చే రకం కాదు. సగం మంది బర్రెలున్న ఇళ్లవాళ్లు. తెల్లారితే చెంబులు పట్టుకుని ఇంటింటికీ పాలు పోయడానికి పోతారు. ఇంకొందరు కంచన్‌బాగు ఫ్యాక్టరీలకు పనికి పోయే క్రైస్తవుల పిల్లలు. తల్లీతండ్రీ ఇద్దరూ పొద్దున్నే వెళ్లిపోతే పెద్దపిల్ల ఇంట్లో చంటివాడిని పట్టుకుని కూర్చుంటుంది. మిగిలినవాళ్లు చిన్న దుకాణాలవాళ్ల పిల్లలు, కూలివాళ్ల పిల్లలు. సక్కుబాయి భర్త ఎల్లప్ప కూడా కంచన్‌బాగులోనే కాంట్రాక్టరు కింద ఇనుము మోసేవాడు. ఆ పని ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఆయా పనీ అంతే, పర్మనెంటు కాదు. పదకొండేళ్లుగా ఏడాదికోసారి, ఈ ఏడాదికి ఉంచుకుంటున్నాం అని కాగితం వచ్చేది. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో మాత్రం ఆఫీసులో ఆమె ఫైలు కదిలింది. పక్కా చేస్తారని అన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. మంచి మాట ఎవరైనా చెప్పారంటే వెనక ఏదో ఉందనే ఆమె లెక్క.

వెనక నిజంగానే ఉంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు నంబర్ల సంగతి చెప్పాలి.

వరసగా పది రోజులు రాని పిల్లల పేరు రిజిస్టరులోంచి కొట్టేయాలని రూలు. పేర్లు నలభైకి తగ్గితే బడిని రైలుపట్టాల అవతలి బడిలో కలిపేస్తారని ఇంకో రూలు. పాలు పోసే ఇళ్ల పిల్లలు పది రోజులకు ఒక్కసారైనా వస్తారన్న నమ్మకం లేదు. బీరయ్య అనే బర్రెలాయన దగ్గరికి సక్కుబాయి రోజూ వెళ్లి బతిమాలేది. ఆయనకు ఇద్దరు పిల్లలు, కొడుకు బాలనర్సింహ, కూతురు ఆండాలు. ఇద్దరూ బడికి పోతే చెంబు ఎవరు పట్టాలని ఆయన అడ్డం తిరిగాడు. ఒక రోజు విసుగొచ్చి సక్కుబాయే దారి చెప్పింది.

"అన్నా, ఇద్దర్ని పంపకు. ఒక్కర్ని పంపు. ఇయ్యాల వాడు, రేపు పిల్ల. నీ ఇంటికెల్లి ఒక్కరు కూసుంటే చాలు నాకు."

బీరయ్యకు ఇది నచ్చింది. రిజిస్టరులో బాలనర్సింహ పేరు ఒక్కటే ఉంది, నంబరు పదిహేడు. వాడు రాని రోజు ఆండాలు వచ్చి, పదిహేడు అని పిలవగానే హాజర్ అంటుంది. లలితమ్మ పేర్లతో హాజరు పిలిచేది కాదు. రెండు గదుల్లో ఐదు తరగతులు, పేర్లు పిలుస్తూ కూర్చుంటే పాఠం ఎప్పుడు చెప్పాలని నంబర్లే పిలిచేది. కాబట్టి కుదిరిపోయింది. బీరయ్య ఇల్లు చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి అవతలి గల్లీవాళ్లు. రెండేళ్లు తిరిగేసరికి నంబరు పిల్లలది పోయి ఇంటిదైంది. పదిహేడు అంటే బీరయ్య ఇల్లు. ఇరవై రెండు అంటే చర్చి వెనక రెండు గదుల ఇల్లు. నలభై మూడు ఇళ్లు, నలభై మూడు నంబర్లు. ఎవరి పేరూ కొట్టేయాల్సిన అవసరం రాలేదు.

ఇది తప్పని సక్కుబాయికి తట్టలేదు. ఇంటికొకరు వంతు వేసుకుని కుళాయి దగ్గర నిలబడటం లేదా, ఇదీ అట్లాంటిదే అనుకుంది. లలితమ్మకు తెలుసా అని అడిగితే సక్కుబాయి నవ్వి, కండ్లున్నయి గద ఆమెకు, అంది. మొఖాలు మారుతున్నాయని రోజూ పాఠం చెప్పే మనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? తెలుసు. కానీ ఏనాడూ నోరు విప్పి ఆ మాట అనలేదు. ఆ అనకపోవడమే సక్కుబాయికి అనుమానం. రేపు ఏదైనా అయితే తనకేం తెలియదని తప్పుకోవడానికే ఆ మాట అనకుండా దాచిపెట్టుకుందని ఆమె అప్పుడే అనుకుంది.

ఇంతలో ఆ ఏడాది ఐదో తరగతి పరీక్షలు వచ్చాయి. తొమ్మిది నంబర్లు కూర్చున్నాయి, తొమ్మిదీ పాస్. మిగతా ఎనిమిది బడుల్లో ఏ ఒక్క బడిలోనూ అందరూ పాసవలేదు. ఆఫీసు గోడ మీద కింది నుంచి రెండో గీత ఒక్కసారిగా పైకి పోయింది. మెచ్చుకుంటారని సీమోను సారు ఎదురు చూశాడు. మెచ్చుకోలేదు. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, సగం రోజులు రాని పిల్లలు, ఇంత మంచి రిజల్టు ఎట్లా వచ్చిందని గుసగుసలు మొదలయ్యాయి. అసలు కారణం చాలా మామూలుది. పరీక్ష రోజున ప్రతి ఇల్లూ తమ ఇద్దరు ముగ్గురు పిల్లల్లో బాగా చదివేవాళ్లను పంపింది. అంతే.

ఆగస్టు ఆఖర్లో ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం ఒకటి వచ్చింది. ఆ బడిలో సగం పేర్లు దొంగ పేర్లని, ఆయా పిల్లల్ని అరువు తెచ్చి కూర్చోబెడుతుందని. కింద సంతకం లేదు.

ఎవరు రాశారు? ఇంటి ఆసామి గుండయ్య గదులు ఖాళీ చేయించి దుకాణం పెట్టుకోవాలని చూస్తున్నాడు, ఆయనే అని లలితమ్మ. పట్టాల అవతలి బడివాళ్లు తమ సంఖ్య పెంచుకోవడానికి రాయించారని సీమోను సారు. సక్కుబాయి వీళ్లిద్దరి మాటా విని, ఇద్దరినీ తన అనుమానాల జాబితాలో చేర్చుకుంది. సీమోను సారు ఇల్లు పట్టాల అవతలే. బడి అటు పోతే ఆయనకు నడక తప్పుతుంది కదా.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక పొద్దున, గంట కొట్టి కొట్టకముందే ఆఫీసు నుంచి రామ్‌చందర్ అనే గుమాస్తా వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో గుడ్డ సంచి. ముందు చెప్పకుండా రావడమే ఆయన పద్ధతి. వచ్చీ రాగానే రిజిస్టరు తీయించి పేర్లు లెక్కపెట్టాడు, నలభై మూడు. పిల్లల్ని లెక్కపెట్టాడు, ఇరవై ఒక్కరు. పాలు పోసేవాళ్లు పది దాటితే గానీ రారు కదా. తర్వాత పుట్టిన తేదీలు చూశాడు. ముప్పై మంది పిల్లలు జులై ఒకటిన పుట్టారు. తేదీ తెలియని ఇంటి పిల్లలందరికీ లలితమ్మ అదే వేసేది. రామ్‌చందర్ ఆ గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుకుంటూ పోయాడట.

అప్పుడు పేర్లతో పిలవడం మొదలుపెట్టాడు. తొమ్మిది మంది పలికారు. మిగతా పిల్లలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఆ పేర్లవాళ్లు ఇళ్లలో ఉన్నారు, వీళ్లు వాళ్ల చెల్లెళ్లు, తమ్ముళ్లు. ఆ పేర్లు నిజంగా తమవే అయిన కొందరికి కూడా, ఇంట్లో బుడ్డోడా, పెద్దపిల్లా అని పిలిపించుకోవడమే తప్ప, రిజిస్టరులో తమ పేరు ఇంత పొడుగుందని తెలియదు. సీమోను సారు బడిని కాపాడుదామని ముందుకొచ్చి, నంబర్లు పిలిచి చూడండి సార్ అన్నాడు. పిలిచాడు. ఇరవై ఒక్కరూ గది పైకప్పు ఎగిరిపోయేట్టు హాజర్ అన్నారు. పేరు పిలిస్తే పలకని పిల్లలు నంబరు పిలిస్తే పలికారు. అనుమానపు మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

లలితమ్మను అడిగాడు. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ, పిల్లల్ని తెచ్చేది ఆయమ్మే, ఆమెనే అడగండి అంది. గుమ్మంలో నీళ్ల కుండ పక్కన నిలబడ్డ సక్కుబాయికి ఆ మాట వినబడింది. ఇన్నేళ్లుగా ఎదురు చూసిన మాటే. కోపం రాలేదట. లెక్క సరిపోయినట్టు అనిపించిందట.

రామ్‌చందర్ ఆమెను పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. ఆయన మర్యాదగానే మాట్లాడాడని ఆమె ఒప్పుకుంటుంది. ఆ మర్యాదకే తనకు భయం వేసిందనీ అంటుంది. పది ప్రశ్నలకు ఆమె ఒక్కటే జవాబు చెప్పింది, నాకెర్కలేదు సార్ అని. చివరికి ఆయన పెన్ను కింద పెట్టి, నువ్వు చెప్పకపోతే ఉత్తరంలో ఉన్నదే నిజమని రాసుకుని పోతాను, బడి పోతుంది, నీ ఫైలూ పోతుంది అన్నాడు. అప్పుడు చెప్పింది. బీరయ్య చెంబు దగ్గర నుంచి పరీక్షల దాకా అన్నీ. ఆయన వింటూ రాశాడు. ఒక పేజీ నిండింది. సిరా పెట్టె మూత తీసి ఆమె వైపు జరిపాడు.

"ఏలుముద్ర వెయ్యమ్మా. నువ్వు చెప్పిందే రాసిన."

సక్కుబాయి బొటనవేలు కొంగులో దాచుకుంది. తన పెళ్లయిన కొత్తలో మామగారు ఒక కాగితం మీద వేలుముద్ర వేసి ఇంటి జాగా పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి కాగితం కనబడితే ఆమె వేలు దానంతటదే వెనక్కి పోతుంది.

"చదివిపిస్త సార్."

"నేను చదువుత విను."

"మీరు రాసిండ్రు గద. ఇంకొకరు చదవాలె."

లలితమ్మ చేయి చాచింది. ఆమె వద్దని సక్కుబాయి తల ఊపింది. సీమోను సారు వైపు చూసింది, ఆయనా వద్దు. ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లందరి మీదా అనుమానమే. అప్పుడే పాలు పోయడం అయిపోయి, తడి చేతులు లంగాకు తుడుచుకుంటూ ఆండాలు లోపలికి వస్తోంది. పదకొండేళ్ల పిల్ల. సక్కుబాయి ఆ పిల్లను పిలిచి కాగితం చేతికిచ్చింది.

ఆండాలు నిలబడి, ఒక్కచోట కూడా ఆగకుండా, గొంతు తగ్గించకుండా చదివింది. ఆఫీసు భాష అది. 'హాజరు పట్టీలో పేరు లేని పిల్లలచే పేరు గల పిల్లల హాజరు చెప్పించితిని' అని ఉంది. 'పరీక్షలయందు సైతం ఒకరికి బదులు మరొకరిని కూర్చుండజేసితిని' అని ఉంది. రామ్‌చందర్ ఆ పిల్ల వైపు చూసి, నీ పేరేంది అని అడిగాడు. చెప్పింది. ఆయన రిజిస్టరు పైనుంచి కిందికి వెతికాడు. లేదు.

"ఈ పిల్ల పేరు లేదు గదా ఇండ్ల," అన్నాడు.

"లేదు సార్," అంది సక్కుబాయి. "మీరు రాసింది అబద్ధం గాదు. నేను జేసిందే. కానీ సగమే రాసిండ్రు. పేరున్నోళ్లు రాలేదని రాసిండ్రు. పేరు లేనోళ్లు వచ్చి సదువుకుంటున్నరని రాయలే. గీ పిల్ల లేదంటరా? మీ ముంగటనే సదివె గద. గది గూడ రాయుండ్రి, అప్పుడు ఏస్త ముద్ర."

పేరు లేని పిల్లలు ఎంతమంది ఉన్నారని ఆయన అడిగాడు. నాకు అంకెలు రావు, ఇండ్లు వస్తయి, రేపు పొద్దున నాతోని నడువుండ్రి అంది. రామ్‌చందర్ వెంటనే ఒప్పుకోలేదు. ఇందులో ఏం మోసం ఉందో అని ఆలోచించాడు. ముందే చెప్పి పెట్టిన ఇళ్లకు తీసుకుపోతుందేమోనని, దారి నేను చెబుతాను, ఏ గల్లీలోంచి మొదలుపెట్టాలో నేను చెబుతాను అన్నాడు. ఆమెకూ అనుమానమే. ఆయన మధ్యలో లెక్క తప్పు రాసుకుంటాడేమోనని, ఆండాలును వెంట తెచ్చుకుని ఆ పిల్లతో వేరేగా రాయించుకుంటాను అంది. ఇద్దరూ ఒకరి షరతు ఒకరు ఒప్పుకున్నారు.

మర్నాడు చీకటి విడుతుండగా ముగ్గురూ బయలుదేరారు. ఎక్కడ చూసినా పేడ, పొగ, చెంబుల చప్పుడు. ఆయన ఏ గల్లీ చెబితే ఆ గల్లీలోకి ఆమె తిరిగేది, ప్రతి గుమ్మం ముందూ ఆగి పిలిచేది. ఒక ఇంట్లోంచి ఇద్దరు, ఒక ఇంట్లోంచి ముగ్గురు, ఇంకో ఇంట్లోంచి ఒక్కడు. పలక తెచ్చి చూపించమనేవాడు రామ్‌చందర్. చూపించారు. రెండో ఎక్కం చెప్పమన్నాడు. చెప్పారు, కొందరు పాలు పిండుతూనే చెప్పారు. బీరయ్య మాత్రం తన ఇంటి ముందుకు సర్కారు మనిషి వచ్చాడని బెదిరిపోయి, కూతురు తనది కాదు, చుట్టాల పిల్ల అని చెప్పబోయాడు. ఆండాలు అక్కడే నిలబడి నవ్వింది. తొమ్మిదిన్నరకు బడి దగ్గరికి వచ్చి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఆయన కాగితంలో అరవై ఎనిమిది మంది. ఆండాలు కాగితంలోనూ అరవై ఎనిమిదే.

ఉత్తరంలో రాసింది తప్పయింది. ఆ బడిలో దొంగ పేర్లు లేవు, పేర్లు చాలని పిల్లలు ఉన్నారు. రామ్‌చందర్ ఆ మాట కూడా రాశాడు, ఆండాలు అదీ చదివింది, సక్కుబాయి వేలుముద్ర వేసింది. వేస్తే ఏమవుతుందో తెలిసే వేసింది. హాజరు తప్పుగా చెప్పించానని తన చేత్తో ఒప్పుకున్న మనిషిని ఏ ఆఫీసూ పక్కా చేయదు.

ఏటా బడి పిల్లల లెక్క ఆఫీసుకు పంపే సెప్టెంబరు ముప్పై నాటికి అరవై ఎనిమిది మందికీ వేరువేరు నంబర్లు వచ్చాయి. పరీక్షల సంగతి మీద లలితమ్మకు మెమో వచ్చింది. బడి మాత్రం కదల్లేదు, పైగా మూడో టీచరును ఇచ్చారు. సక్కుబాయి ఫైలు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. నవంబరులో ఆఫీసు నుంచి మాణిక్యమ్మ అనే కొత్త మనిషి వచ్చింది. ఆమెకు పని నేర్పమని, ఇళ్లన్నీ చూపించమని సక్కుబాయికి చెప్పారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

సక్కుబాయి నేర్పింది. చాలా ఓపికగా, రోజూ వెంట తిప్పి, ఏ కుక్క కరుస్తుందో, ఏ ముసలమ్మ తిడుతుందో అన్నీ చెప్పింది. నెల తిరిగింది. జనవరిలో మాణిక్యమ్మ ఒక్కతే పిల్లల్ని తేవాలని, సక్కుబాయి బడిలోనే ఉండాలని ఆర్డరు వచ్చింది. మొదటి రోజు అరవై ఎనిమిదిలో యాభై ఇద్దరు వచ్చారు. రెండో రోజు యాభై. అట్లా ఎనిమిదో రోజు దాటి తొమ్మిదో రోజుకు వచ్చింది. పదో రోజు కూడా రాకపోతే పదహారు మంది పేర్లు కొట్టేయాలి. లలితమ్మ రామ్‌చందర్‌కు కబురు పెట్టింది. ఆయన వచ్చి, ఆ రాని పిల్లల ఇళ్లు ఎక్కడున్నాయని మాణిక్యమ్మను అడిగాడు. ఆ ఇళ్లు తనకెవరూ చూపించలేదని ఆమె అంది. సక్కుబాయిని అడిగాడు.

"చూపిచ్చిన సార్. ఆమెకు యాదికి లేదేమో."

రామ్‌చందర్ ఆమె మొఖంలోకి చాలాసేపు చూశాడట. ఆమె కూడా చూసిందట. ఆ మధ్యాహ్నమే ఆమె వెళ్లి పదహారు మందినీ తోలుకొచ్చింది.

ఎన్ని ఇళ్లు చూపించలేదని నేను అడిగాను. అన్నీ చూపిచ్చిన అని నాతోనూ అంది, కానీ నా నోటుబుక్కు మూసి పక్కన పెట్టమన్నాక తొమ్మిది వేళ్లు చూపించింది.

మాణిక్యమ్మను వేరే బడికి పంపేశారు. సక్కుబాయికి మళ్లీ ఆ పాత కాగితమే వచ్చింది, ప్రస్తుతానికి ఉంచుకుంటున్నాం అని. నేనిది రాసుకుంటున్నది పంతొమ్మిది వందల ఎనభై రెండులో. ఇప్పటికీ ఏడాదికోసారి అదే వస్తోంది. పక్కా చేయరు, తీసేయనూ లేరు. ఆమె పొద్దున్నే బయలుదేరుతుంది, వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసుకుని గల్లీ మలుపు తిరుగుతుంది.